మార్మైట్ రుచి చూసేముందు

చి. స్వాతికి అత్త దీవెనలు.

నీతో ఉండే పిల్లలు ఆదివారం పొద్దున్నే బ్రెడ్డు మీద రాసుకునే మార్మైట్ పెడతామన్నారని, నువ్వు సరేనన్నావని మీ అమ్మ చెప్పింది. అంత దూరం వెళ్లి రోజూ మ్యాగీతో సరిపెట్టుకోకుండా అక్కడి తిండి తెలుసుకుంటున్నావు, గర్వంగా ఉంది. భయమూ ఉంది. నోట్లో వేసుకున్నాక ఇదేమిటని అడిగే అలవాటు నీది!

ముందు సీసా చూడు. పసుపు మూత ఉన్న బుర్ర సీసా మార్మైట్. అదే అరలో, దాదాపు అదే రూపంలో, ఎర్ర మూతతో బోవ్రిల్ ఉంటుంది. అది గొడ్డు మాంసం సారం. మనింట్లో తినం కాబట్టి ఎవరు చేతికిచ్చినా పేరు చదవందే మూత తియ్యకు. మార్మైట్‌లో మాంసం లేదు. బీరు కాచగా మిగిలిన ఈస్టుతో చేస్తారు. ఇంగ్లండులో బీరుకు పేరుపడ్డ బర్టన్ అపాన్ ట్రెంట్ ఊళ్లోనే 1902లో మొదలుపెట్టింది అందుకే. మత్తుండదు, నానమ్మకు ఆ మాట చెప్పు. గోధుమ, బార్లీ పడనివాళ్లు మాత్రం తినకూడదు.

ఇక కొత్తవాళ్లంతా చేసే తప్పు. నల్లగా నిగనిగలాడుతూ బెల్లం పాకంలా ఉంటుంది, పక్కన జామ్ సీసా ఉంటుంది. చెంచాతో తీసి జామ్‌లా పట్టించేస్తారు. తీపి కోసం ఎదురుచూసే నాలుక మీద ఉప్పు, చేదు, పులిసిన ఘాటు ఒక్కసారిగా పడతాయి. బరువులో సుమారు పదోవంతు ఉప్పే మరి! అక్కడితో జన్మలో మళ్లీ ముట్టరు. తప్పు దానిది కాదు, కొలతది. ఇంగువ ఎంత వేస్తామో తెలిసిన ఇంటి పిల్లవి, అలాగే చూడు దీన్ని.

బ్రెడ్డు ఎర్రగా కాల్చు. వేడి మీదే ఉప్పు లేని వెన్న అంచులదాకా రాయి. వెన్న సగం కరిగాక, కత్తి మొనతో కందిగింజంత మార్మైట్ తీసి ఆ వెన్నలోనే సాగదియ్యి. బ్రెడ్డు రంగు కనబడుతూ గోధుమరంగు చారలు పడితే చాలు. వెన్న ఆ ఘాటును పట్టి ఉంచుతుంది. బ్రెడ్డు చల్లారితే ముద్ద సాగదు, లాగితే బ్రెడ్డు చిరుగుతుంది. వెన్న కత్తి సీసాలో ముంచకు. చెంచా నాకావో, చెవి మెలిపెడతాను!

రెండోసారి పైన చెడ్డార్ చీజ్ తురుము వేసుకో, ఇంకా బాగుంటుంది. పప్పులో పావు చెంచా కలిపినా కమ్మగానే ఉంటుంది, ఉప్పు ఆ మేరకు తగ్గించు.

చిన్నచూపు మాత్రం వద్దు తల్లీ. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతకు మందు వెతుకుతూ ఈ ఈస్టు సారమే పెట్టి నయం చేసి, 1931లో ఆ సంగతి అచ్చువేసింది. అందులో పనిచేసింది ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. అలాగని మందులా మింగకు. మీ నాన్నకూ నాకూ బీపీ ఉంది, ఆ ఉప్పు నీకూ లెక్కే.

నచ్చకపోతే ముక్క పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి, పెట్టిన పిల్లలకు థాంక్స్ చెప్పు. సీసా ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు, పెడితే గట్టిపడుతుంది. ఆదివారం తిన్నాక ఫోన్ చెయ్యి, ఎంత రాశావో ముందు చెప్పు.

మీ అత్త