తెలిసినా చేయలేని పిల్లలు: ఏడీహెచ్‌డీపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి చదువుతున్నాడు. పది నిమిషాలు ఒకచోట కూర్చోడని, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అరిచేస్తాడని, వరసలో అందరినీ తోసుకుని ముందుకు వెళ్తాడని టీచరు నెలకు రెండుసార్లు నన్ను పిలిపిస్తున్నారు. ఒక పేజీ హోంవర్కుకు ఇంట్లో రెండు గంటలు పడుతోంది. పెన్సిలో, నీళ్ల సీసానో, టిఫిన్ డబ్బానో వారానికొకటి బడిలో వదిలేసి వస్తాడు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఏమో చూపించమని టీచరు అన్నారు. కానీ అదే పిల్లవాడు ఫోనులో ఆట మొదలుపెడితే రెండు గంటలు కదలడు. అలాంటివాడికి ఏకాగ్రత లోపం ఎలా ఉంటుంది? మా అత్తగారు ‘వాళ్ల నాన్నా చిన్నప్పుడు ఇంతే’ అంటారు. మావారేమో నాలుగు తగిలిస్తే దారికొస్తాడంటారు. స్కానింగ్ చేయిస్తే తెలుస్తుందా?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: మీ అత్తగారి మాటతోనే మొదలుపెడతానమ్మా, ఎందుకంటే మీ ఉత్తరంలో వైద్యుడికి ఎక్కువగా పనికొచ్చే సమాచారం అదే. ఏడీహెచ్‌డీ లక్షణాలలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 70 నుంచి 80 శాతం దాకా జన్యువుల వల్లనే వస్తుందని కవల పిల్లలపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి ఇది మీ పెంపకంలో లోపం కాదు, పిల్లవాడి పొగరూ కాదు. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు మీవారిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఆయన చిన్ననాటి సంగతులు రోగనిర్ధారణకు పనికొస్తాయి, పైగా ఆ సంగతులు తన నోటితో తానే చెప్పుకున్న తండ్రికి కొడుకుపై చేయెత్తడం అంత సులభం కాదని నా అనుభవం.

ఇక ఫోను విషయం. ఏడీహెచ్‌డీలో లోపించేది ఏకాగ్రత కాదు, దాన్ని కావలసిన చోటికి మళ్లించి అక్కడ నిలిపి ఉంచే అదుపు. అష్టావధానం చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. సభలో అప్రస్తుత ప్రసంగి పని అడ్డు ప్రశ్నలు వేసి అవధాని ధారను తెంచడమే, కానీ అవధాని అతడికి నవ్వుతూ బదులిచ్చి, వదిలిన పాదం దగ్గరకే తిరిగి వస్తాడు. మీ అబ్బాయి తలలో కూడా ఒక అప్రస్తుత ప్రసంగి ఉన్నాడు, కిటికీలో కాకి, పక్కవాడి కొత్త రబ్బరు, రాత్రి చూసిన క్రికెట్టు అన్నీ అతడి ప్రశ్నలే, అయితే ఇక్కడ ప్రతిసారీ గెలిచేది అతడే. ఫోను ఆట కొన్ని సెకన్లకొకసారి రంగునో, శబ్దాన్నో, పాయింటునో బహుమతిగా ఇస్తుంది కనుక చూపును నిలిపే శ్రమంతా ఆటే పడుతుంది. ఎక్కాల పుస్తకం అలాంటిదేమీ ఇవ్వదు, ఆ శ్రమ పిల్లవాడే పడాలి.

స్కానింగ్ అవసరం లేదు. మెదడు పైపొర తన గరిష్ఠ మందానికి చేరే సగటు వయసు మామూలు పిల్లలలో ఏడున్నరేళ్లయితే, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలలో పదిన్నరేళ్లని అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో చూపించిన మాట నిజమే. కానీ అది వందల మంది సగటు, ఒక్క పిల్లవాడి స్కానింగ్ చూసి ఉందనో లేదనో చెప్పడం కుదరదు. రక్తపరీక్షా లేదు. తల్లిదండ్రులూ టీచరూ చెప్పే వివరాలే ఆధారం. అజాగ్రత్తకు సంబంధించి తొమ్మిది, అతి చురుకుదనానికీ తొందరపాటుకూ సంబంధించి తొమ్మిది లక్షణాలున్నాయి. ఈ రెంటిలో ఏదో ఒక జాబితాలోనైనా కనీసం ఆరు లక్షణాలు ఆరు నెలలుగా ఉండాలి, వాటిలో కొన్ని పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా కనిపించాలి, చదువుకో స్నేహాలకో నష్టం కలిగిస్తూ ఉండాలి. బడిలో మాత్రమే కనిపించే అల్లరికి కారణం బడిలోనే వెతకాలి.

అంతకుముందు తేల్చుకోవలసినవీ ఉన్నాయి. వినికిడి, చూపు సరిగా ఉన్నాయా, రాత్రి గురక పెడుతూ నిద్ర చెడుతోందా, రక్తహీనత ఉందా, అక్షరాలు కూడబలుక్కోవడంలోనే ఇబ్బంది ఉందా అన్నవి చూడాలి. ఇంకొక సంగతి మన ప్రాంతంలో తరచుగా మరచిపోతాం: వయసు నిండకుండానే బడిలో చేర్చడం. తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లకు ఈ ముద్ర ఎక్కువగా పడుతున్నట్టు అనేక దేశాల అధ్యయనాలలో తేలింది. మీ అబ్బాయి తోటివారికన్నా పది నెలలు చిన్నవాడైతే ఆ మాట వైద్యుడికి ముందే చెప్పండి. మనోవైద్యుడి దగ్గరకు వెళ్లడానికి సంకోచంగా ఉంటే జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను ముందుగా గుర్తించే కేంద్రాన్ని అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గుర్తించవలసిన సమస్యలలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేసినా తెలుగులో మాట్లాడవచ్చు.

నాలుగు తగిలించడం గురించి. వరసలో నిలబడాలని మీ అబ్బాయికి తెలియదా? అడిగి చూడండి, మీకన్నా బాగా చెబుతాడు. తెలిసినది ఆ క్షణంలో, ఆ చోట గుర్తుకు రాకపోవడమే అతడి కష్టం. నిన్నటి దెబ్బ గానీ, పరీక్షల తరవాత కొంటామన్న సైకిలు గానీ ఆ క్షణం దాకా ప్రయాణించి రాలేవు. అందుకని సాయం కూడా ఆ చోటే, ఆ క్షణమే అందేలా అమర్చాలి. వంటింట్లోంచి మూడు పనులు కేకవేసి చెప్పకుండా, దగ్గరకు వెళ్లి భుజంపై చేయి వేసి ఒకే పని చెప్పండి. హోంవర్కును పది నిమిషాల ముక్కలుగా విడగొట్టి, ముక్క ముక్కకూ మధ్య లేచి తిరగనివ్వండి. పుస్తకాలు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా బొమ్మలు గీసి సంచి తగిలించే కొక్కెం పక్కనే అంటించండి, గదిలో ఇంకెక్కడ అంటించినా వృథా. మంచి పని చేసినప్పుడు అప్పుడే ఒక చుక్క పెట్టి, ఐదు చుక్కలైతే ఆ సాయంత్రమే అతడికి ఇష్టమైనది చేయనివ్వండి. నెలాఖరు బహుమతులు పనిచేయవు. బడిలో మొదటి బెంచీ, కిటికీకి దూరంగా చోటు, కాపీలు పంచే పనిలాంటి కదలిక ఉన్న బాధ్యత ఇవ్వమని టీచరును అడగండి. నెలకు రెండుసార్లు పిలిపించే ఓపిక ఉన్న టీచరు ఇదీ చేస్తారు.

ప్రశ్న: మా పదేళ్ల బాబుకు మనోవైద్యులు మిథైల్‌ఫెనిడేట్ రాశారు. మూడు మందుల షాపులు తిరిగితే ఒక్కచోట దొరికింది, ఆ షాపతను ‘ఇది మత్తుమందుల చట్టం కిందికి వచ్చే మాత్ర, జాగ్రత్త’ అన్నాడు. అప్పటినుంచి వేయడానికి చేయి రావడం లేదు. బంధువులు జ్ఞాపకశక్తి పొడి ఏదో చెబుతున్నారు.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: షాపతను చెప్పింది అబద్ధం కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం నియంత్రించే మందులలో ఇది ఉంది, చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ చట్టం అదుపు చేసేది దుర్వినియోగాన్ని. వైద్యుడు చెప్పిన మోతాదులో మింగే పిల్లవాడికి దీనివల్ల మత్తు రాదు, దీనికి బానిసైపోతాడన్న భయమూ అక్కరలేదు. ఉత్తేజకమైన మందు చురుకు పిల్లవాడిని ఎలా నిదానపరుస్తుందని అందరూ అడుగుతారు. 1937లోనే అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు ఈ తరహా మందు ఇచ్చిన పిల్లలు చదువుపై కుదురుగా కూర్చోవడం చూసి ఆశ్చర్యపోయాడు. నాడీకణాల మధ్య డోపమైన్, నారెపినెఫ్రిన్ అనే రసాయనాలు విడుదలైన వెంటనే వెనక్కి వెళ్లిపోకుండా ఇది ఆపుతుంది, దాంతో ఇంతకుముందు చెప్పిన అదుపు కొంత బలపడుతుంది. మామూలు మాత్ర పనిచేసేది మూడు నాలుగు గంటలే, నెమ్మదిగా విడుదలయ్యేది బడి వేళంతా ఉంటుంది.

దుష్ఫలితాలు ఉన్నాయి, దాచను. ఆకలి తగ్గుతుంది, కనుక మాత్రకు ముందే కడుపునిండా టిఫిన్ పెట్టండి, మధ్యాహ్నం సరిగా తినకపోతే రాత్రి భోజనం గట్టిగా పెట్టండి. సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. తలనొప్పి, కడుపునొప్పి మొదటి వారాల్లో రావచ్చు. ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు క్రమంగా చూపించాలి. కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు ఉంటే ముందే చెప్పాలి. మాత్రలు మీ చేతిలోనే ఉండాలి, పరీక్షలప్పుడు అడిగే ఇంటర్ బంధువులకు ఒక్కటి కూడా ఇవ్వకూడదు. ఇది పడకపోతే ఆటమాక్సెటిన్ అనే మరో మందు ఉంది, అది ఉత్తేజకం కాదు, దాని ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.

అమెరికాలో 579 మంది పిల్లలపై 14 నెలలు జరిగి 1999లో వెలువడిన అధ్యయనంలో, జాగ్రత్తగా సరిచూస్తూ ఇచ్చిన మందు లక్షణాలను ప్రవర్తనపై ఇచ్చే శిక్షణ ఒక్కదానికన్నా బాగా తగ్గించింది. అయితే అధ్యయనం మొదలైన మూడేళ్లకు చూస్తే ఆ తేడా మిగల్లేదు. మందు రాసి వదిలేయడం చాలదని నేను దీన్నుంచి అర్థం చేసుకున్నాను. అది కుదురుగా కూర్చునే కొన్ని గంటలను ఇస్తుంది, ఆ గంటల్లో అలవాట్లు నేర్పవలసింది మనమే. ఆరేళ్ల లోపు పిల్లలకైతే మందుకన్నా ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడమే పద్ధతి.

జ్ఞాపకశక్తి పొడి కొనకండి. అందులో ఏముందో డబ్బామీదే లేకపోవచ్చు.

ప్రశ్న: మనవడు మిఠాయిలు, చాక్లెట్లు తిన్నందువల్లే ఇలా తయారయ్యాడని నా నమ్మకం. నిజమేనా?
– ఒక తాతగారు, రాజమహేంద్రవరం

జవాబు: కాదండీ. చక్కెర ఇచ్చారో, తీపినిచ్చే వేరే పదార్థం ఇచ్చారో పిల్లలకూ పెద్దలకూ తెలియకుండా జరిపిన పరీక్షలలో ప్రవర్తనలో తేడా కనబడలేదు. దంతాలు పుచ్చిపోకుండా మాత్రం మిఠాయిలు తగ్గించండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా పాపకు ఏడీహెచ్‌డీ అని చెబుతూ వైద్యులు చదివిన లక్షణాలన్నీ నావే అనిపించాయి. నేను ఎప్పుడూ అల్లరి చేయలేదు, క్లాసులో ఫస్టు కూడా వచ్చాను. ఇప్పుడు ఆఫీసులో గడువులన్నీ దాటిపోతున్నాయి, బిల్లులు కట్టడం మరచిపోతున్నాను.
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: ఆడపిల్లలలో పరుగులూ గెంతులూ లేకుండా పరధ్యానం మాత్రమే ఉండే రకం ఎక్కువ. ఎవరికీ ఇబ్బంది కలిగించదు కనుక టీచర్ల కంటపడదు. తెలివీ, వెనకే ఉండి అన్నీ అమర్చే అమ్మా ఉన్నంతకాలం చదువు సాగిపోతుంది, ఉద్యోగం, సంసారం, పాప ఒకేసారి మీదపడినప్పుడు బయటపడుతుంది. పదిహేడేళ్లు నిండినవారికి ఆరు బదులు ఐదు లక్షణాలు చాలు, కానీ పన్నెండేళ్ల లోపే ఉండేవన్న ఆధారం మాత్రం కావాలి. గడువులు దాటడం గత రెండేళ్లుగా మొదలైనదే అయితే ముందు థైరాయిడ్, నిద్ర, ఆందోళన, కుంగుబాటు చూడాలి.

బిల్లులను గుర్తుపెట్టుకునే ప్రయత్నం మానేసి, బ్యాంకు ఖాతా నుంచి వాటంతటవే కట్టేలా ఏర్పాటు చేసుకోండి. పెద్ద పనికి ఒకే గడువు కాకుండా రెండు రోజులకొకటి పెట్టి, దాన్ని అడిగే మనిషిని ఆఫీసులో ఒకరిని ముందే ఒప్పించుకోండి. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు మీ పాత ప్రోగ్రెస్ రిపోర్టులు దొరికితే పట్టుకెళ్లండి. మార్కుల వరస చూడనక్కరలేదు, కింద టీచరు ఎర్రసిరాతో రాసిన వ్యాఖ్య చూడాలి. ‘తెలివైనదే గానీ శ్రద్ధ లేదు’ అన్న మాట ఏటేటా కనిపిస్తే ఆ కాగితం వైద్యుడికి ఇవ్వండి.