డి కలర్ అని బిల్లులో రాశారు... రాయి అది కాదంటున్నారు

ప్రశ్న: మాది తణుకు. పదహారు నెలల క్రితం మా అమ్మాయి నిశ్చితార్థానికి హైదరాబాద్‌లోని ఒక షోరూంలో 18 క్యారట్ల బంగారంలో ఒంటిరాయి వజ్రపుటుంగరం కొన్నాం. 4 లక్షల 60 వేలు కార్డు మీద కట్టాం. బిల్లులో ‘వజ్రం 0.70 క్యారట్, డి కలర్, వీవీఎస్‌2’ అని ఉంది. షాపువాళ్లే తమ పేరుతో ఒక కార్డు కూడా ఇచ్చారు. మొన్న ఉంగరం వదులైందని ఇక్కడి నగల షాపులో చూపిస్తే ఇది డి కాదు, హెచ్ గానీ ఐ గానీ అయ్యుంటుందన్నారు. హైదరాబాద్‌ షాపుకు ఫోన్ చేస్తే ‘హాల్‌మార్క్ ఉంది కదా! అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదని బిల్లు మీదే ఉంది చూసుకోండి’ అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. కేసు వేయొచ్చా? పెళ్లికి నెక్లెస్ కొనాలి. ఈసారి ఏం చూసుకోవాలి?

సలహా: కేసు వేయొచ్చు. అయితే ముందు ఒక జాగ్రత్త. ఆ రాయిని ఉంగరంలోంచి ఎవరిచేతా తీయించకండి. సైజు తగ్గించడానికి కూడా ఉంగరాన్ని ఎక్కడా వదిలి రాకండి. ఇలాంటి కేసుల్లో అమ్మినవాళ్లు మొట్టమొదట చేసే వాదన ‘మేమిచ్చిన రాయి ఇది కాదు, మధ్యలో ఎవరో మార్చారు’ అని. తణుకు షాపువాళ్లు మీ ఎదుటే చూసి ఇచ్చేశారా, రెండు రోజులు వాళ్ల దగ్గర ఉంచుకున్నారా అన్నది కూడా రేపు ప్రశ్న అవుతుంది. మీ ఎదుటే చూసి ఉంటే ఇబ్బంది లేదు. వాళ్ల దగ్గర వదిలి వచ్చి ఉంటే రసీదు తీసుకుని భద్రపరచండి.

తణుకు షాపు చెప్పిన మాట మీకు అనుమానం కలిగించడానికి సరిపోతుంది గానీ, సాక్ష్యంగా సరిపోదు. వజ్రం రంగును డి నుంచి జెడ్ వరకు అక్షరాలతో చెబుతారు. వజ్రాలను పరీక్షించే అమెరికా సంస్థ జీఐఏ తెచ్చిన ఈ కొలమానాన్నే ఇప్పుడు అంతా వాడుతున్నారు. డి, ఇ, ఎఫ్ అంటే రంగు లేనివి. జి నుంచి జె వరకు దాదాపు రంగు లేనివి. మీ బిల్లులోని వీవీఎస్‌2 రంగు గురించి కాదు, రాయిలో మచ్చలు ఎంత తక్కువో చెప్పే క్లారిటీ గ్రేడు. ల్యాబ్‌లో రాయిని విడిగా, తలకిందులుగా ఉంచి, నిర్ణీతమైన వెలుతురులో నమూనా రాళ్ల పక్కన పెట్టి చూస్తారు. నగలో బిగించిన రాయికి అంత కచ్చితంగా రంగు చెప్పడం కుదరదు. పసుపు బంగారం ఛాయ రాయిలోకి కనబడుతుంది కూడా. కాబట్టి రాయి విప్పక తప్పదు. ఆ విప్పడం ఎవరి సమక్షంలో జరుగుతుందన్న దానిమీదే మీ కేసు నిలబడుతుంది.

అందుకే మొదట షోరూంకు లాయర్ నోటీసు పంపండి. ‘బిల్లులో రాసిన గ్రేడు మీద మాకు అనుమానం ఉంది. ఇద్దరి సమక్షంలో ఒక స్వతంత్ర ల్యాబ్‌లో పరీక్ష చేయిద్దాం, పదిహేను రోజుల్లో జవాబివ్వండి’ అని రాయించండి. వాళ్లు ఒప్పుకుంటే మీ పని సగం తేలికవుతుంది. ఒప్పుకోకపోతే ఆ మౌనం కూడా మీకు పనికొస్తుంది. పరీక్షలో రంగుతో పాటు రాయి సహజమైనదా, ల్యాబ్‌లో పెంచినదా, వేడి, ఒత్తిడి పెట్టి రంగు పోగొట్టారా అన్నవి కూడా అడగండి. ల్యాబ్‌లో పెంచిన రాయిని సహజమని చెప్పి అమ్మారని తేలితే విషయం రంగు తేడాకంటే చాలా పెద్దదవుతుంది.

నోటీసుకు ఫలితం లేకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదు చేయండి. హైదరాబాద్ దాకా తిరగనక్కర్లేదు. 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తుంది. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫిర్యాదు రుసుము కూడా లేదు. బిల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు వేస్తే మంచిది. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు గానీ, పరీక్ష దగ్గర వాదనలు సాంకేతికంగా సాగుతాయి కాబట్టి ఒక లాయర్‌ని పెట్టుకోమనే నా సలహా.

ఫిర్యాదుతో పాటే, 38వ సెక్షన్ ప్రకారం వస్తువును సీలు వేసి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపాలని కోరండి. చూసి చెప్పలేని లోపాలకు చట్టం ఏర్పరచిన దారి ఇది. ఈ పరీక్ష రుసుము ముందుగా మీరే కట్టాలి. 45 రోజుల్లో నివేదిక రావాలి, కమిషన్ ఆ గడువు పెంచవచ్చు. నివేదిక ఎఫ్ కూడా కాదు, హెచ్ అని వస్తే అది నాలుగు మెట్ల తేడా. చూసేవారి అంచనా భేదమని చెప్పి తప్పించుకోవడం షోరూంకు కష్టం. ఒక్క మెట్టు, అంటే ఇ అని వస్తే మాత్రం మీ వాదన బలహీనపడుతుంది. ల్యాబ్‌కూ ల్యాబ్‌కూ మధ్య అంతపాటి తేడా వస్తూనే ఉంటుంది. ఈ సంగతి ముందే తెలుసుకుని కేసులో దిగండి.

షోరూంవాళ్ల రెండు జవాబులూ చెల్లవు. హాల్‌మార్క్, దానితో పాటు ఉండే హెచ్‌యూఐడీ (అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య) చెప్పేది బంగారం స్వచ్ఛత గురించి. 18 క్యారట్లకు 750 అని ఉంటుంది. రాయి గురించి అందులో ఏమీ ఉండదు. వాళ్ల సొంత కార్డు కూడా స్వతంత్ర నివేదిక కాదు. కానీ అది వాళ్లే రాసిచ్చినది, మీకు వాళ్లిచ్చిన హామీ. బిల్లుతో పాటు దాన్నీ జాగ్రత్తగా దాచండి. వివరణ చెప్పి అమ్మిన సరుకు ఆ వివరణకు సరిపోవాలన్నది 1930 నాటి వస్తువుల అమ్మకపు చట్టం 15వ సెక్షన్. ‘వెనక్కి తీసుకోబడదు’ అన్న అచ్చు మాట లోపమున్న సరుకుకు వర్తించదు. బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం, డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార విధానమే.

ధర వడ్డీతో వాపసు గానీ, డి కలర్ రాయి గానీ కోరవచ్చు. రెండింటినీ ప్రత్యామ్నాయాలుగా రాయండి. మానసిక వేదనకు, ఖర్చులకు పరిహారం కూడా అడగండి. చట్టంలో మూడు నెలలు, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని ఉన్నా ఆచరణలో ఎక్కువే పట్టవచ్చు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. తేడా మాకు ఈమధ్యే తెలిసిందని వాదించే అవకాశం ఉన్నా దానిమీద ఆధారపడకండి. కొన్న తేదీ నుంచే లెక్కేసుకోండి. అంటే మీకు ఇంకా ఎనిమిది నెలలే ఉంది. పోలీసు కేసు గురించి చాలామంది అడుగుతారు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం నిరూపించాలంటే అమ్మేనాటికే దురుద్దేశం ఉందని చూపాలి. రంగు తేడా ఒక్కటే అందుకు చాలదు. ల్యాబ్ నివేదిక వచ్చాక ఆలోచించండి.

ఇక నెక్లెస్. ఒంటిరాయికి జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబ్ నివేదిక అడగొచ్చు. రాయి అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరును లెన్స్‌తో చూసి, అదే నంబరుతో ల్యాబ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. నెక్లెస్‌లో వందల చిన్నరాళ్లుంటాయి. వాటికి విడివిడిగా నివేదికలు ఉండవు. ‘ఇఎఫ్, వీవీఎస్’ అని గంపగుత్తగా రాస్తారు. కాబట్టి మీకు బిల్లే ఆధారం. అందులో బంగారం నికర బరువు, స్వచ్ఛత, రాళ్ల సంఖ్య, మొత్తం క్యారట్లు, రంగు, క్లారిటీ, సహజ వజ్రాలన్న మాట, మజూరీ వేరువేరుగా ఉండాలి. ఒక క్యారట్ అంటే 0.2 గ్రాములు. రాళ్ల బరువును బంగారం ధరకు కలిపేశారేమో అక్కడే లెక్క చూసుకోండి. జీఎస్టీ తగ్గుతుందని కచ్చా చిట్టీకి ఒప్పుకోకండి. 3 శాతం మిగులుతుంది గానీ, కమిషన్ ముందు చూపించడానికి మీ దగ్గర సరైన బిల్లు ఉండదు.

పసుపు బంగారంలో పొదిగేదైతే డి కలర్ కోసం పట్టుబట్టనక్కర్లేదనేది నా అభిప్రాయం. జి, హెచ్ రాళ్లు కూడా అందులో తెల్లగానే కనిపిస్తాయి, ధర తక్కువ. ఏ గ్రేడు కొన్నా తిరిగి ఇచ్చేటప్పుడు ఎంత శాతం తీసుకుంటారో, రాళ్లకు ఎంత కోత పెడతారో నోటితో చెప్పించుకోకుండా బిల్లు మీదే రాయించి షాపు ముద్ర వేయించుకోండి.