కాశీనగరం వైపు పల్లెల్లో డిసెంబరు తుపానుకి ఏం సిద్ధం చేసుకోవాలి?

కాశీనగరం దగ్గర పల్లెలో ఉద్యోగం వచ్చింది, డిసెంబరులోనే ఇల్లు మారాలి, తుపానంటే టెన్షన్‌గా ఉందని రాశారు. మాదీ ఒడిశాలోని ఆ గజపతి జిల్లాయే, వంశధార నదికి దగ్గర ఊరు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. మా దగ్గర జరిగేది చెబుతాను.

ఇక్కడ అక్టోబరు తుపాను వేరు, డిసెంబరు తుపాను వేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఇటే వచ్చింది. కొబ్బరి, జీడిమామిడి చెట్లు కూలిపోయాయి, మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చనిపోయారు. డిసెంబరులో ఆ స్థాయి గాలి అరుదు. 2021లో జవాద్ సముద్రంలోనే బలహీనపడింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండుసార్లూ మా వీధిలో ఒక్క పెంకు లేవలేదు. కానీ ముసురు పట్టింది. మా కొంప ముంచేది ఆ ముసురే, ఎందుకంటే సరిగ్గా అప్పుడే వరి కోసి పనల మీద, అంటే చేలోనే పరిచి ఉంటుంది.

అందుకని వాయుగుండం మాట వినపడగానే ఊరి తీరే మారిపోతుంది. బరకాలు అరువడగడం, కూలీల కోసం పక్క ఊళ్లకి ఫోన్లు, ట్రాక్టరు కోసం తగువులు. కోసిన చేను ఎలాగోలా కుప్ప కెక్కాలి. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి పెట్టి, పైన నీళ్లు జారిపోయేలా కొప్పు తీయాలి. అది అందరికీ చేతకాదు, ఊళ్లో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లే సరిగ్గా వేస్తారు. ఆ రెండ్రోజులూ వాళ్లకి పెళ్లికొడుకు మర్యాద! కుప్ప వెయ్యడానికి టైము లేక పనలు తడిసిపోతే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లుతారు, మొలకలు రాకుండా. ఆ తర్వాత ఎండ కోసం ఎదురుచూపులు. మండీలో, అంటే ధాన్యం కొనే కేంద్రంలో, తేమ 17 శాతం దాటితే తీసుకోరు, కాబట్టి ఇంటి ముందు రోడ్డంతా వడ్లే. బండి వాటి మీదుగా పోనిచ్చారో, మీకు ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు.

వార్తల సంగతి ఒకటి చెప్పాలి. తెలుగు చానెళ్ల మ్యాపు ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతుంది, ఒడియా చానెళ్లకి పూరీ, భువనేశ్వర్ దాటి చూపు రాదు. రెండూ చూసి మధ్యలో మన సంగతి మనమే ఊహించుకోవాలి. నేనైతే వాతావరణ శాఖ జిల్లాల వారీ హెచ్చరికలో గజపతికి ఏ రంగు హెచ్చరిక ఇచ్చారో అది మాత్రం చూస్తాను. ఫోనుకి మెసేజీ ఒడియాలో వస్తే పక్కింటి పిల్లల చేత చదివించుకోండి, మొహమాటం వద్దు.

ఇంటికి కావలసినవి పెద్దగా ఏమీ లేవు. కరెంటు పోతే మోటారు ఆడదు, నీళ్లు ముందే పట్టుకోండి. చేతి బోరింగు దగ్గర్లో ఉన్న ఇల్లయితే ఇంకా మంచిది, అద్దె నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. చార్జింగు లైటు, గ్యాసు, ఎండు నెత్తళ్లు, ఉలవలు ఉంటే వారం గడిచిపోతుంది. కూరగాయల బండి రాదు.

గెడ్డల దగ్గర, అంటే వాగుల దగ్గర మాత్రం జాగ్రత్త. వంశధార నీరు పైన రాయగడ కొండల నుంచి దిగాలి, అందుకే మన దగ్గర వాన వెలిశాక కూడా నది పెరుగుతుంది. చిన్న గెడ్డలైతే ఉన్నట్టుండి పొంగుతాయి. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే ఎవరో దాటారని మీరు దాటకండి, రాత్రిపూట అసలే వద్దు. డ్యూటీకి ఒకరోజు ఆలస్యమైతే ఎవరూ ఉద్యోగం పీకెయ్యరు.

ముసురున్నన్నాళ్లూ చలి తెలియదు. మబ్బు విడిచిన రాత్రే ఉత్తరగాలి కొట్టి పళ్లు టకటకలాడతాయి. చిన్నపిల్లలుంటే దుప్పట్లు ఆ రోజుకి పొడిగా ఉంచండి.

ఇక డిసెంబరులోనే సామాను తెచ్చెయ్యాలా అన్నారు. వద్దు. బట్టలు, వంట గిన్నెలతో ముందు మీరొక్కరే రండి. మంచాలు, బీరువాలు సంక్రాంతి అయ్యాక తెచ్చుకోండి. అప్పటికి చాలామంది నూర్పులు అయిపోతాయి, ట్రాక్టరూ దొరుకుతుంది, దింపడానికి మనుషులూ దొరుకుతారు.