కోసిన ప్రతి ముక్కలో పువ్వు రావాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాలు పాలిమర్ క్లే (ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే, మట్టిలా మెత్తటి ప్లాస్టిక్) కేన్‌ల గురించి. రంగు క్లే కడ్డీలను ఒక బొమ్మ వచ్చేలా కట్టగా పేర్చి, సన్నగా సాగదీసి, అడ్డంగా కోస్తే ప్రతి ముక్కలోనూ అదే బొమ్మ కనిపిస్తుంది. ఆ కట్టనే కేన్ అంటారు. ఇటలీలోని మురానో గాజు పనివాళ్ల మిల్లెఫియోరి (వెయ్యి పూలు) పద్ధతికి ఇది చుట్టం. గాజును వేడి మీద లాగుతారు, క్లేను చేత్తో నొక్కుతారు.

ఐదు రేకుల పువ్వు కేన్‌కు ఎంత క్లే కావాలి? కొలతలతో చెప్పండి. – గుంటూరు పాఠకురాలు

రేకులకు ముదురు గులాబీ 30 గ్రాములు, తెలుపు 30 గ్రాములు. రేకు అంచుకు వంకాయ రంగు 15, బొడ్డుకు పసుపు 5, చుట్టూ నింపడానికి ఆకుపచ్చ 45 గ్రాములు తీసుకోండి.

ముందు గులాబీ, తెలుపు పలకలను త్రిభుజాలుగా కోసి, ఏటవాలు అంచులు కలిపి ఒకే దీర్ఘచతురస్రం చేయండి. కింది అంచును పై అంచు మీదికి మడిచి, మడత ముందు లోపలికి వెళ్లేలా పాస్తా మెషీన్‌లో (రోలర్ల మధ్య నొక్కి పలకగా చేసే యంత్రం) వేయండి. ప్రతిసారీ గులాబీ మీద గులాబీ, తెలుపు మీద తెలుపు పడాలి. ఒక్కసారి దిక్కు మారినా రంగులు కలగాపులగమే. ఇరవై, ఇరవై అయిదు సార్లకు గీత కనిపించకుండా ఒక రంగు మరో రంగులోకి జారుతుంది. జుడిత్ స్కిన్నర్ అనే అమెరికన్ కళాకారిణి పేరు మీద దీన్ని స్కిన్నర్ బ్లెండ్ అంటారు. ఆ పలకను ఒక చివర తెలుపు, ఇంకో చివర గులాబీ ఉండే పొడవాటి పట్టీగా సాగదీసి, తెలుపు చివర నుంచి మడత కాజాలా బిగించి చుట్టండి.

2 సెం.మీ. మందం కడ్డీ వస్తుంది. దానికి 1 మి.మీ. వంకాయ రంగు పలక చుట్టి, 1.5 సెం.మీ. మందానికి సాగదీసి, చివరలు తీసేసి, 3.5 సెం.మీ. ముక్కలు ఐదు కోయండి. 1 సెం.మీ. మందం పసుపు కడ్డీ చుట్టూ వాటిని నిలబెడితే సరిగ్గా ఇముడుతాయి. రేకుల మధ్య బయటి సందుల్లో ఆకుపచ్చ త్రికోణపు పుల్లలు కూరి, పైన ఆకుపచ్చ పలక చుట్టండి. సందులు నింపడానికి బద్ధకిస్తే తర్వాత రేకులే ఆ ఖాళీల్లోకి జారి చదునైపోతాయి.

కేన్ 4.5 సెం.మీ. మందం ఉంటుంది. దాన్ని 1.5 సెం.మీ.కు తగ్గిస్తే పొడవు మూడింతలు కాదు, తొమ్మిదింతలు, అంటే 31 సెం.మీ. పైచిలుకు. చివరలు పోగా 1.5 మి.మీ. ముక్కలు సుమారు 180 వస్తాయి.

లావుగా ఉన్నప్పుడు పువ్వు చక్కగానే ఉంది. సన్నగా చేసేసరికి పసుపు చివరల్లోంచి తన్నుకొచ్చింది, నడుమ పువ్వు మెలి తిరిగింది. – హైదరాబాద్ పాఠకుడు

రెండు తప్పులు. పసుపు మిగతా రంగుల కంటే మెత్తగా ఉంది. మెత్తటి క్లే ముందు పరుగెడుతుంది, గట్టిది వెనకబడుతుంది. పేర్చకముందే ఒక్కో రంగులో గోలీ అంత ఉండ చేసి వరసగా బొటనవేలితో నొక్కి చూడండి, గుంటలు ఒకే లోతున పడాలి. మరీ మెత్తనిదాన్ని పలకగా చేసి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువు ఉంచితే ఒకటి రెండు గంటల్లో కాగితం నూనె పీల్చుకుంటుంది. గట్టిదానికి ఒకటి రెండు చుక్కల క్లే సాఫ్టెనర్ కలిపి బాగా పిసకండి. వేర్వేరు కంపెనీల క్లే కలిపి కేన్ చేస్తే ఈ పరీక్ష తప్పనిసరి.

మెలి తిరగడం రెండో తప్పు: మొదటి నుంచే బల్ల మీద దొర్లించారు. దొర్లిస్తే పైపొర కదిలినంతగా లోపలిది కదలదు. కేన్‌ను నిలబెట్టి, నడుమ చుట్టూ వేళ్లతో నొక్కి, డమరుకంలా నడుం తీయండి. అక్కడి నుంచి పైకి, కిందికి నొక్కుతూ వెళ్లండి. కొద్దిగా నొక్కడం, కొద్దిగా తిప్పడం. మధ్యమధ్య రెండు చివరలనూ అరచేత్తో లోపలికి తట్టాలి. 2 సెం.మీ.కు దిగాక దొర్లించినా ఫరవాలేదు. ఎంత జాగ్రత్తపడినా చివరల్లో సెంటీమీటరు, సెంటీమీటరున్నర పోతుంది. పారేయకండి, పూసల లోపలి ఉండకు పనికొస్తుంది.

రేకు అంచు గీత సన్నని ముక్కల్లో మాయమైంది. – తిరుపతి పాఠకురాలు

మందం మూడో వంతుకు తగ్గితే 1 మి.మీ. గీత 0.3కు వస్తుంది. దాన్ని కంటికి ఆనించేది రంగుల తేడానే. ఎరుపు పక్కన ఆకుపచ్చ విడిగా ఎంత మెరిసినా చిన్న ముక్కలో రెండూ ఒకటైపోవచ్చు. పేర్చిన కేన్‌ను ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. అందులో గీత కనిపించకపోతే రంగు మార్చాల్సిందే.

కోస్తుంటే ముక్కలు కోడిగుడ్డు ఆకారంలో నలుగుతున్నాయి. కాల్చాక తెలుపు గోధుమరంగుకు తిరిగింది. – విజయవాడ పాఠకురాలు

ఎండాకాలం క్లే చేతివేడికే జారుతుంది. సాగదీసిన వెంటనే కోయకుండా ఒక రాత్రి వదిలేయండి, లేదా ఫ్రిజ్‌లో 20 నిమిషాలు ఉంచండి. పొడవాటి పల్చటి బ్లేడుతో కోసి, ప్రతి కోతకూ కేన్‌ను పావు వంతు తిప్పండి. మిగిలిన కేన్‌ను మైనపు కాగితంలో చుట్టి చల్లటి చోట దాచండి. ఎండలో నిలిపిన కారులో మరిచిపోతే సగం ఉడికి, కోస్తే పొడిపొడిగా రాలుతుంది.

కాల్చడానికి ప్యాకెట్ మీది వేడినే పాటించండి. ఫిమో కంపెనీ క్లేకు 110 డిగ్రీల సెల్సియస్, స్కల్పీ ప్రీమోకు 130. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) మీటను నమ్మకండి, 130 దగ్గర తిప్పితే లోపల 150 ఉండొచ్చు. విడిగా ఓవెన్ థర్మామీటర్ పెట్టి, ముందుగా వేడెక్కనిచ్చి, ట్రేను అల్యూమినియం ఫాయిల్‌తో గొడుగులా కప్పండి. తెలుపు, పారదర్శక క్లే అన్నిటికంటే ముందు కమిలేవి. రంగు మారుతుందన్న భయంతో వేడి తగ్గించినా, పది నిమిషాలకే తీసేసినా ముక్క పుటుక్కున విరుగుతుంది. అరగంట ఉండాల్సిందే. మైక్రోవేవ్ వద్దు. మాడి ఘాటు వాసన వస్తే ఓవెన్ ఆపి, కిటికీలు తెరిచి గదిలోంచి బయటికి వచ్చేయండి. ఈ క్లే పీవీసీ ప్లాస్టిక్, ఆ పొగ పీల్చకూడదు.