బట్టల కొట్టు హెల్‌మన్ బ్యాంకర్ ఎలా అయ్యాడు?

"అమెరికా పశ్చిమానికి వలస వెళ్లిన కొట్టువాళ్లు బ్యాంకులు ఎలా పెట్టారు, అంత డబ్బు ఎక్కడిది?" అని అడిగారు. నాకు తెలిసిన ఒక్క మనిషి సంగతి చెప్తాను.

లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. ఫోర్త్ స్ట్రీట్, మెయిన్ స్ట్రీట్ కలిసేచోట స్తంభాలతో ఒక పాత బ్యాంకు భవనం ఉంది. లంచ్‌కి దాని పక్కనుంచే వెళ్లేవాణ్ణి. పేరు ఫార్మర్స్ అండ్ మర్చంట్స్ బ్యాంక్. ఎవరిదా అని ఆరా తీస్తే ఐజాయాస్ హెల్‌మన్ తగిలాడు.

బవేరియాలో పుట్టిన యూదు కుర్రాడు. 1859లో తమ్ముడితో ఇక్కడికి వచ్చేనాటికి పదహారేళ్లు. ఊరి జనాభా నాలుగున్నర వేలు కూడా లేదు, బ్యాంకు అసలే లేదు. చుట్టాల కొట్లో గుమాస్తాగా చేరి, 1865లో సొంత బట్టల కొట్టు పెట్టాడు. ఒట్టి చేతులతో వచ్చాడంటారు గానీ చుట్టాల అండ చిన్నదేం కాదు.

కొట్లో ఒక ఇనప్పెట్టె ఉండేది. జనం తమ బంగారం సంచులు తెచ్చి అందులో దాచుకునేవాళ్లు. ఒకరోజు తాగొచ్చిన ఒకడు తన సంచిలో బంగారం తగ్గిందని మీద పడబోయాడట. తీసి ఖర్చుపెట్టుకుంది వాడే! ఆ భయంతో హెల్‌మన్ సంచులు దాచడం మానేశాడు. బంగారం తనే కొనేసి, ఆ మొత్తాన్ని వాళ్ల పేరున పాస్‌బుక్కులో రాయడం మొదలుపెట్టాడు.

మీరడిగిన డబ్బు ఇదే. సంచిలో ఉన్నంతకాలం అది వాళ్ల సొత్తు, ముట్టుకోకూడదు. పుస్తకంలోకి ఎక్కాక అది ఇతని బాకీ. అడిగినప్పుడు ఇస్తే చాలు, ఈలోగా వడ్డీకి తిప్పుకోవచ్చు.

నాకిది చప్పున అర్థం కావడానికి కారణం ఉంది. మా నాన్న మిర్చి అమ్మిన డబ్బు ఊళ్లో ఒక షావుకారు దగ్గర ఉంచేవాడు. చీటీ లేదు, నోటిమాటే. ఒక ఏడాది లెక్కలో పదకొండు వేలు తేడా వచ్చింది. తప్పెవరిదో ఇప్పటికీ తేలలేదు, పలకరింపులు మాత్రం ఆగిపోయాయి.

1868లో టెంపుల్ అనే ఆసామి, ఆయన మామ వర్క్‌మన్‌లతో కలిసి హెల్‌మన్ బ్యాంకు తెరిచాడు. టెంపుల్ మెత్తని మనిషి, అప్పుకి ఎవరొచ్చినా కాదనడు. ఇలాగైతే తనూ మునుగుతానని హెల్‌మన్ బయటికొచ్చి, 1871లో కాలిఫోర్నియా మాజీ గవర్నర్ డౌనీతో కలిసి పైన చెప్పిన బ్యాంకు పెట్టాడు. 1875లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్యాంక్ ఆఫ్ కాలిఫోర్నియా మూతపడగానే, దాచిన డబ్బు వెనక్కి తీసుకోవాలన్న కంగారు లాస్ ఏంజెలెస్‌కీ పాకింది. యూరప్‌లో ఉన్న హెల్‌మన్ పరుగున వచ్చి తన బ్యాంకుని నిలబెట్టుకున్నాడు. టెంపుల్, వర్క్‌మన్‌ల బ్యాంకు 1876లో మునిగిపోయింది, వర్క్‌మన్ ఆత్మహత్య చేసుకున్నాడు.

1890లో హెల్‌మన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో నెవాడా బ్యాంకు చూసుకోవడానికి వెళ్లాడు. 1893లో లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ జనం డబ్బు కోసం ఎగబడితే, అక్కణ్ణించి వచ్చి కౌంటర్ మీద బంగారు నాణేలు అందరికీ కనబడేలా పేర్పించాడు. అది చూసి గోల సద్దుమణిగింది.

నేను రోజూ చూసిన భవనం 1905లోది. అదే ఏడాది నెవాడా బ్యాంకునీ వెల్స్ ఫార్గో బ్యాంకునీ ఒకటి చేశాడు.