రాళ్లెత్తితేనే పడవలో చోటు

ప్రశ్న: మా శ్రీకాకుళం వైపు పండక్కి సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పెడతారండీ. టీవీలో వచ్చే వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్‌లోనూ బండరాళ్లు ఎత్తుతున్నారు, మనల్ని చూసి పెట్టుకున్నారా?

జవాబు: కాదండీ. ఆ పోటీ 1977లో అమెరికాలో మొదలైంది కానీ రాళ్లెత్తడం అంతకంటే చాలా పాతది, ముఖ్యంగా ఐస్‌లాండ్, స్కాట్లాండ్‌లలో. ఐస్‌లాండ్‌లో డ్యూపలోన్‌సాండర్ అనే నల్లరాళ్ల తీరంలో ఇప్పటికీ నాలుగు రాళ్లుంటాయి: 23, 54, 100, 154 కిలోలు. ఒకప్పుడు అక్కడ చేపల వేటకి పనిలో చేరాలంటే కనీసం 54 కిలోల రాయిని నడుం ఎత్తున్న బండ మీదకి ఎక్కించాల్సిందే, లేకపోతే పడవలో చోటు ఉండేది కాదు. సరదా కాదు, కూటి కోసం పరీక్ష! నాకు మాత్రం ఐస్‌లాండ్‌లోనే ఉన్న హుసాఫెల్ రాయంటేనే ఎక్కువ ఇష్టం. 186 కిలోలు, పలకలా ఉంటుంది, పట్టు దొరకదు, గుండెకి హత్తుకుని గొర్రెల దొడ్డి చుట్టూ మోయాలి. ఇప్పటి పెద్ద పోటీల్లో దాని నమూనాలే వాడుతున్నారు. స్కాట్లాండ్‌లో డొనాల్డ్ డిన్నీ అనే బలశాలి 1860లో రెండు రాళ్లు, కలిపి 332 కిలోలు, చేతికొకటి పట్టుకుని పోటార్క్ అనే చోట వంతెనని అడ్డంగా, అంటే దాని వెడల్పు మేర, దాటాడని చెబుతారు. వాటిని కదిలించడానికి ఇప్పటికీ జనం పోటార్క్ వెళ్తూనే ఉన్నారు. మీ ఊరి సంగిడి రాళ్ల బరువు తూయించి, ఎత్తినవాళ్ల పేర్లు రాసి పెట్టండి, దయచేసి.