ఆదివారం సరే, మంగళవారం సంగతేంటి?

తల్లీ,

ప్రభువు నామంలో వందనాలు. "ఆదివారం ఆరాధనలో కన్నీళ్ళు ఆగవు అత్తయ్యా, మంగళవారం నైట్ షిఫ్ట్‌కి క్యాబ్ ఎక్కేసరికి లోపల ఏమీ మిగలదు. నా భక్తిలోనే లోపముందా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

లోపమేమీ లేదు. ఆ పొంగునే తృప్తి అనుకుంటున్నావు, చిక్కంతా అక్కడే. పాట ఊపందుకున్నప్పుడు గుండె కరగడం మంచిదే, నేను కాదనను. కానీ అది తగ్గగానే ఇంకో సభ, ఇంకో ఉపవాస కూడిక, యూట్యూబ్‌లో ఇంకో ప్రసంగం అని పరిగెడితే అలసటే మిగులుతుంది. మన హైదరాబాదులో ఏ రాత్రయినా ఎక్కడో ఒకచోట సభ ఉంటూనే ఉంటుంది కదా.

బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ మళ్ళీ చదువు. రాజుల మొదటి గ్రంథం 18వ అధ్యాయంలో కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది. అంతకు మించిన సభ ఎవరు చూశారు? 19లో అదే మనిషి యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, బదరీ వృక్షం కింద కూలబడి, ఇక నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అప్పుడు ప్రసంగం చేయలేదు, విశ్వాసం తగ్గిందని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళబుడ్డి ఉన్నాయి. తిని, తాగి మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ, అక్కడ వినిపించిన దేవుని మెల్లని స్వరం, అవన్నీ ఆ తర్వాతే.

కాబట్టి ముందు నీ నిద్ర సంగతి చూడు. షిఫ్ట్ ఉన్న శుక్రవారాలు కూడా ఉపవాసమని కడుపు మాడ్చుకుంటున్నావట, అది ఆపు. వారాల తరబడి నిద్రాహారాలు లేక ఊరికే ఏడుపొస్తుంటే డాక్టరుకు చూపించుకో. ప్రార్థన చేస్తే పోతుందిలే అని ఎవరైనా అంటే, వాళ్ళు బీపీ మాత్ర వేసుకుంటున్నారో లేదో అడుగు.

తర్వాత బైబిల్లోని కీర్తనలు. రోజుకొకటి, వరసగా, పైకి చదువు. నచ్చినవి ఏరుకోవద్దు. వాగ్దానాల కార్డుల మీద ఎప్పుడూ ఆ 23, 91, 121లే కనిపిస్తాయి గానీ, మొత్తం 150లో మొరలూ ఏడుపులూ బోలెడు. 88వది చీకట్లోనే ముగుస్తుంది. సంఘంలో ఎవరైనా లేచి తమ జీవితంలో దేవుడు చేసింది చెప్పే సాక్ష్యం అలా ముగిస్తే పాస్టరుగారు మైకు అందుకుని హల్లెలూయా అనిపిస్తారు! నీ గదిలో నిన్ను ఆపేవాళ్ళెవరూ లేరు. "ప్రభువా, ఈ రోజు నాకు నీ మీద మనసు లేదు" అని చెప్పి పడుకున్నా ప్రార్థనే. కలకత్తాలో మదర్ తెరెసా సంగతే చూడు. ఆవిడ పోయాక, 2007లో, ఆవిడ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దశాబ్దాల పాటు దేవుని సన్నిధి తెలియక లోపలంతా చీకటిగా ఉందని రాసుకుంది. అయినా ప్రార్థన మానలేదు, రోగుల దగ్గరికి వెళ్ళడమూ మానలేదు. పది నిమిషాలు చాలు నీకు, వేళ మాత్రం మార్చకు.

ఇక సంఘం. వారానికొకటి చొప్పున మారుస్తున్నావు. ఒక్కటి పట్టుకో, నువ్వు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడిగేటంత చిన్నది. గోల్కొండ చౌరస్తా హెబ్రోను మందిరంలో సువార్తికులు భక్త్ సింగ్ గారి కాలపు ఆరాధనల గురించి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. చాపల మీద కూర్చుని గంటల తరబడి ఆరాధన, ఆపైన అందరూ కలిసి ప్రేమవిందు. కలిసి అన్నం తినని చోట మనుషులు దగ్గరవడం కష్టమని నా నమ్మకం. విసిగించేవాళ్ళూ ఉంటారులే, పెళ్ళెప్పుడని అడుగుతారు. ఓర్చుకో.

హోరేబులో దేవుడు ఏలీయాకు పని చెప్పి పంపాడు, శిష్యుడిగా ఎలీషాను తోడిచ్చాడు. నువ్వూ ఒక పని పెట్టుకో, స్టేజీ మీదది కాదు. మీ హాస్టల్లో వంటచేసే ఆవిడ కూతురు పదో తరగతి అన్నావు కదా, ఆ పిల్లకు లెక్కలు చెప్పు. సాక్ష్యంలో చెప్పుకోకు, స్టేటస్‌లో పెట్టకు. ఆ పిల్లకు త్రికోణమితి ఎక్కుతుందా లేదా అన్న టెన్షన్‌లో, నా లోపల నిండుగా ఉందా లేదా అని తడుముకోవడం మర్చిపోతావు. నేను చూసినంతలో తృప్తి అలాంటప్పుడే, పిలవకుండా వస్తుంది. కూర్చుని దాని కోసమే ఎదురుచూసినవాళ్ళకు వచ్చిన దాఖలా నాకు తెలియదు.

వచ్చే నెల మొదటి ఆదివారం మా సంఘంలో ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే మధ్యలో మారే పనిలేకుండా మెట్టుగూడలో దిగొచ్చు. భోజనం ఇక్కడే. నిద్ర చాలకపోతే మాత్రం రావద్దు, పడుకో. ఆపై వారం వద్దువుగాని.

మీ అత్తయ్య
మెట్టుగూడ